మనసు మందు నరాల నొప్పికి ఎలా వచ్చింది?

నేను వైద్యుణ్ణి కాను. బి.కాం. చదివి, ముప్ఫై ఏళ్ళుగా బ్యాంకులో లెక్కలు చూసుకుంటున్నవాణ్ణి. వైద్య చరిత్ర రాసే అర్హత నాకుందా అని చాలా రోజులు తటపటాయించాను. చివరికి రాయడానికి కారణం పది మిల్లీగ్రాముల చిన్న మాత్ర ఒకటి. దాని విషయంలో మా ఇంట్లో ఒకసారి తప్పు జరిగింది. ఆ తప్పు చేసింది నేనే.

బళ్ళారిలో మా మేనత్త ఉండేది. ఆవిడకు ఏళ్ళ తరబడి చక్కెర జబ్బు. రాత్రయితే అరికాళ్ళు మంటలెత్తేవి. దుప్పటి అంచు తగిలినా ఓర్చుకోలేకపోయేది. తడిగుడ్డ చుట్టుకుని తెల్లవార్లూ గోడకి ఆనుకుని కూర్చునేది. ఒక డాక్టరు మాత్ర రాసిచ్చాడు. నేను చూడ్డానికి వెళ్ళినప్పుడు, "ఒరేయ్, నువ్వు చదువుకున్నవాడివి గదా, ఇది దేనికిచ్చారో చూసి చెప్పు" అంది. పెట్టెలోని ఇంగ్లీషు కాగితం విప్పి చదివాను. మొదటి వరుసలోనే మానసిక కుంగుబాటుకి వాడే మందు అని ఉంది. "అత్తా, ఇది మనసు బాగోలేని వాళ్ళకి ఇచ్చేదట" అన్నాను. ఆవిడ ముఖం చిన్నబోయింది. "నాకేం పిచ్చి పట్టిందనిరా ఇచ్చాడు?" అంది. ఆ మాత్రలు మళ్ళీ ముట్టలేదు. ఆ మంటతోనే మరో నాలుగేళ్ళు బతికి వెళ్ళిపోయింది.

చాలా ఏళ్ళ తర్వాత హోసూరులో నాకు సర్పి లేచింది. ఎడమ పక్క ఎముకల మీదుగా వీపు దాకా పట్టీ కట్టినట్టు పొక్కులు. పొక్కులు మూడు వారాల్లో ఎండిపోయాయి గాని నొప్పి పోలేదు. చొక్కా తగిలితే నిప్పు రాసినట్టుండేది. మూడు నెలలు దాటాక డాక్టరు అదే మాత్ర రాశాడు. పేరు ఎమిట్రిప్టిలిన్. మందుల కొట్టు అబ్బాయి మనవాడే. చీటీ చూసి గొంతు తగ్గించి, "అన్నా, ఇంట్లో ఎవరికి బాగాలేదు?" అని అడిగాడు. "నాకే" అన్నాను. అప్పుడు మా అత్త గుర్తొచ్చింది. ఆ కాగితంలో నేను ఏం చదివాను, ఏం చదవలేదు అన్న ప్రశ్న అప్పటి నుంచి వదల్లేదు. ఈ మందు ఎక్కడ పుట్టింది, మనసు జబ్బు నుంచి నరాల నొప్పికి ఎలా వచ్చింది, దానితో వచ్చే ఇబ్బందులు ఎందుకు వస్తాయి అని చదువుకుంటూ పోయాను. తెలిసినదాన్ని మన పాఠకులతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశం.

పాము పేరు పెట్టుకున్న జబ్బు

ముందు ఆ నొప్పి సంగతి. మనం సర్పి అంటాం. కన్నడంలో సర్పసుత్తు అంటారు. మరాఠీలో నాగీణ్. తమిళనాట అక్కి అంటారు, కుమ్మరివాళ్ళ చేత దానిమీద కావిమన్నుతో రాయించుకునే ఆచారం అక్కడ ఇప్పటికీ ఉంది. ఒంటికి చుట్టుకున్నట్టు లేస్తుంది కాబట్టి ఇన్ని భాషల్లో పాము పేరు పడింది. నిజానికి ఇది చిన్నప్పుడు ఆటలమ్మ పోసినప్పుడు ఒంట్లో చేరిన వైరసే. జబ్బు తగ్గినా అది పోదు. వెన్నుపాము పక్కనున్న నరాల ముడుల్లో దశాబ్దాల పాటు అణిగి ఉంటుంది. వయసు మీదపడి ఒంట్లో శక్తి తగ్గినప్పుడు ఒక నరం వెంబడి బయటికి వస్తుంది. అందుకే పొక్కులు ఆ నరం దారిలోనే, ఒంటికి ఒకపక్కనే లేస్తాయి. పొక్కులు లేచిన మూడు రోజుల్లోపు ఎసైక్లోవిర్ వంటి మందు మొదలుపెడితే తీవ్రత తగ్గుతుంది. కావిమన్ను ఆరేదాకా ఆగితే ఆ మూడు రోజులూ దాటిపోతాయి.

పొక్కులు మానినా కొందరికి ఆ నరం బాగుపడదు. దెబ్బతిన్న నరం ఉత్తినే సంకేతాలు పంపుతూ ఉంటుంది. చక్కెర జబ్బులో అరికాళ్ళ నరాలకు జరిగేదీ ఇటువంటిదే. మన దేశంలో 10 కోట్ల 10 లక్షల మందికి చక్కెర జబ్బు ఉందని భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం 2023లో అంచనా వేసింది. వాళ్ళలో కాళ్ళ మంటతో నిద్రపట్టనివాళ్ళు ప్రతి వీధిలో ఉంటారు. గాయం నొప్పికి వేసుకునే మామూలు మాత్రలు ఈ నొప్పికి అంతగా పనిచేయవు. ఎందుకంటే ఇక్కడ నొప్పి చెబుతున్న చోట గాయం లేదు. వార్త మోసుకొచ్చే తీగే చెడింది.

రంగుల కొట్టు నుంచి మందుల కొట్టుకి

ఈ మందు వంశవృక్షం పట్టుకుని పైకి వెళితే చివరికి అద్దకపు రంగుల దగ్గర తేలుతాం. 1876లో జర్మనీలో హైన్రిచ్ కారో అనే రసాయన శాస్త్రజ్ఞుడు మిథిలీన్ బ్లూ అనే నీలిరంగును తయారు చేశాడు. ఆ రంగు నిర్మాణాన్ని శోధిస్తూ బెర్న్‌థ్‌సెన్ అనే ఆయన 1883లో ఫినోథయజీన్ అనే పదార్థాన్ని తయారు చేశాడు. 1899లో థీలే, హోల్‌జింగర్ అనే ఇద్దరు దానికి దగ్గరి చుట్టమైన ఇమినోడైబెంజిల్ అనే దాన్ని తయారు చేశారు. ఫినోథయజీన్‌లో గంధకం ఉన్నచోట ఇందులో రెండు కర్బన పరమాణువుల వంతెన ఉంటుంది. తేడా అంతే. యాభై ఏళ్ళ పాటు దాన్ని పట్టించుకున్నవాళ్ళు లేరు.

1940లలో ఫ్రాన్సులో రోన్-పూలెంక్ కంపెనీ ఫినోథయజీన్ నుంచి దురద, జలుబు, ఎలర్జీలకు మందులు చేసింది. పిల్లలకి దగ్గు వస్తే ఇచ్చే ఫెనర్గన్ ఆ ఇంటిదే. అది తాగితే పిల్లలు మత్తుగా పడుకుంటారని తల్లులందరికీ తెలుసు. ఆ మత్తు మీదే శాస్త్రజ్ఞుల దృష్టి పడింది. 1950 డిసెంబరులో ఆ కంపెనీలోనే పాల్ షార్పెంటియే క్లోర్‌ప్రోమజీన్ చేశాడు. 1952లో పారిస్‌లో డిలే, డెనికర్ అనే వైద్యులు దాన్ని తీవ్రమైన మనోవ్యాధులకు వాడి గుణం చూశారు. మనసు జబ్బులకు మాత్రల కాలం అక్కడ మొదలైంది.

స్విట్జర్లాండులోని బాజెల్ నగరంలో గైగీ అనే రంగుల కంపెనీ ఉండేది. మన ఊళ్ళలో మలేరియా దోమలకి గోడల మీద కొట్టిన డి.డి.టి.కి కీటకాల్ని చంపే గుణం ఉందని కనిపెట్టింది ఆ కంపెనీలోని పాల్ ముల్లరే, 1939లో. ఆ గైగీ కంపెనీ పాత ఇమినోడైబెంజిల్‌ని బయటికి తీసి, దాని నుంచి నలభైకి పైగా పదార్థాలు చేసింది. వాటిలో ఒకదాన్ని కాన్‌స్టాన్స్ సరస్సు ఒడ్డున మున్‌స్టర్‌లింగెన్ అనే చోట ఉన్న మానసిక వైద్యశాలకు పంపింది. అక్కడి వైద్యుడు రోలండ్ కూన్. క్లోర్‌ప్రోమజీన్ లాగా పనిచేస్తుందేమోనని చూశారు. చేయలేదు. కాని 1956 మొదట్లో తీవ్రమైన కుంగుబాటుతో ఉన్నవారికి ఇచ్చి చూస్తే, కొద్ది రోజుల్లో ముఖాల్లో మార్పు కనిపించింది. మాట్లాడనివాళ్ళు మాట్లాడసాగారు. 1957లో జూరిచ్‌లో జరిగిన ప్రపంచ మానసిక వైద్య మహాసభలో కూన్ ఈ సంగతి చదివినప్పుడు విన్నవాళ్ళు పట్టుమని పన్నెండు మంది. ఆ మందే ఇమిప్రమీన్. దాని అణువులో మూడు వలయాలు వరసగా ఉంటాయి కాబట్టి ఆ జాతి మందులకు ట్రైసైక్లిక్ అని పేరు వచ్చింది. 1961లో అమెరికాలో అనుమతి పొందిన ఎమిట్రిప్టిలిన్ ఆ ఇంట్లోనే తర్వాత పుట్టినది.

ఇక్కడ ఒక చేదు నిజం కూడా చెప్పాలి. చరిత్రకారులు మున్‌స్టర్‌లింగెన్ ఆసుపత్రి దస్తావేజులన్నీ పరిశీలించి 2019లో ఒక నివేదిక వెలువరించారు. 1940ల నుంచి 1980 దాకా అక్కడ ఇంకా మార్కెట్టుకి రాని ఎన్నో పదార్థాలను వేలమంది రోగుల మీద పరీక్షించారని, ఆ రోగుల్లో చాలామందికి తమ మీద పరీక్ష జరుగుతున్న సంగతి చెప్పలేదని అందులో తేలింది. మన ఉపశమనం జమ పద్దులో ఉంటే, వాళ్ళ పేర్లు తెలియని బాకీ ఖర్చు పద్దులో ఉంది. మాత్ర గురించి రోగికి చెప్పకుండా ఇవ్వడం అన్న అలవాటు ఆ మందు పుట్టుకలోనే ఉందనిపించింది నాకు.

నొప్పి దగ్గరికి

కుంగుబాటు మందు నొప్పికి పనిచేస్తుందని ఎవరు కనిపెట్టారు? 1960లోనే పావొలి, డార్కూర్, కోసా అనే ముగ్గురు ఫ్రెంచి వైద్యులు ఇమిప్రమీన్ నొప్పి మీద పనిచేస్తోందని ఒక చిన్న ప్రాథమిక వ్యాసం రాశారు. ఆ తర్వాత ఇరవై ఏళ్ళు అక్కడొక వైద్యుడు, ఇక్కడొక వైద్యుడు వాడుతూ వచ్చారు. కాని ఒక అనుమానం వదల్లేదు. నొప్పితో కుంగిపోయిన మనిషికి ఈ మందు ఇస్తే కుంగుబాటు తగ్గి, నొప్పి తగ్గినట్టు అనిపిస్తోందేమో? అంటే నొప్పి అసలు మనసులోనే ఉందేమో? మా అత్త అడిగిన ప్రశ్న కూడా ఇదే. ఆవిడ దాన్ని తన పద్ధతిలో అడిగింది.

ఈ అనుమానాన్ని తీర్చిన పరీక్షలు రెండు. 1982లో కెనడాలో వాట్సన్, ఆయన సహచరులు సర్పి తర్వాత నొప్పి మిగిలిన 24 మందికి కొన్ని వారాలు ఎమిట్రిప్టిలిన్, కొన్ని వారాలు ఉత్తుత్తి మాత్ర ఇచ్చి చూశారు. 16 మందికి మందుతో బాగా గుణం కనిపించింది. వాళ్ళలో చాలామందికి కుంగుబాటు లేనే లేదు.

రెండోది 1987లో అమెరికాలో మిచెల్ మాక్స్ బృందం చక్కెర జబ్బు నొప్పి ఉన్న 29 మంది మీద చేసినది. ఈ పరీక్షలో వాళ్ళు చేసిన ఒక పని నాకు బాగా నచ్చింది. ఎమిట్రిప్టిలిన్ వేసుకుంటే నోరెండిపోతుంది, మత్తుగా ఉంటుంది. కాబట్టి తనకు అసలు మందు ఇచ్చారో ఉత్తుత్తిది ఇచ్చారో రోగి నోరెండడాన్ని బట్టే పోల్చుకుంటాడు. పరీక్ష చెడిపోతుంది. అందుకని వాళ్ళు పోల్చడానికి ఇచ్చిన మాత్రలో కూడా నోరెండబెట్టి మత్తు కలిగించే వేరే మందులు కలిపారు. రెండు రకాలా నోరు ఎండింది. నొప్పి మాత్రం ఎమిట్రిప్టిలిన్‌తోనే ఎక్కువ తగ్గింది. కుంగుబాటు ఉన్నవాళ్ళకీ లేనివాళ్ళకీ ఒకేలా తగ్గింది. ఈ మాత్ర నొప్పి మీద సొంతంగా పనిచేస్తుందని అప్పుడు రుజువైంది. నేను మా అత్తకి కాగితం చదివి వినిపించే నాటికి ఈ సంగతి పుస్తకాల్లోకి వచ్చి చాలా ఏళ్ళయింది.

ఎలా పనిచేస్తుంది? 1965లో మెల్జాక్, వాల్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు వెన్నుపాములో నొప్పికి ఒక ద్వారం వంటిది ఉందని ప్రతిపాదించారు. నొప్పి వార్త పైకి పోయే దారిలో దాన్ని హెచ్చించడం గాని తగ్గించడం గాని జరుగుతుందన్నారు. మెదడు నుంచి వెన్నుపాముకి దిగే నరాలు నోరెడ్రినలిన్, సెరొటోనిన్ అనే రసాయనాల సాయంతో నొప్పి వార్తను అదుపు చేస్తాయి. ఇమిప్రమీన్ వంటి మందులు నోరెడ్రినలిన్‌ను నరాలు మళ్ళీ లోపలికి పీల్చుకోకుండా ఆపుతాయని 1961లో జూలియస్ ఆక్సెల్‌రాడ్ చూపించాడు. 1970లో నోబెల్ బహుమతి పొందిన ముగ్గురిలో ఆయన ఒకడు. ఆ రసాయనం ఎక్కువసేపు నిలిస్తే నొప్పి మీద అదుపు పెరుగుతుంది. ఇందుకు కావలసిన మోతాదు కూడా తక్కువే. కుంగుబాటుకి తరచు 75 నుంచి 150 మిల్లీగ్రాముల దాకా ఇస్తే, నొప్పికి 10తో మొదలుపెట్టి మెల్లగా పెంచుతారు. చాలామందికి 75 దాటనవసరం ఉండదు.

ఉమ్మెత్త లక్షణాలు

ఇక ఇబ్బందుల సంగతి. మొదటి రాత్రి మాత్ర వేసుకున్నాను. తెల్లారి లేచేసరికి నాలుక అంగిటికి అంటుకుపోయింది. తల బరువు. బ్యాంకులో పది గంటలకి వోచరు మీద అంకెలు అలుక్కుపోయినట్టు కనిపించాయి. నాలుగో రోజు మంచం మీంచి గభాలున లేస్తే కళ్ళు తిరిగి గోడ పట్టుకున్నాను. ఐదో రోజుకి మలబద్ధకం. ఆరో రోజు ఎవరికీ చెప్పకుండా మానేశాను. నొప్పి తగ్గడం ఇంకా మొదలుకాలేదు, ఇబ్బందులన్నీ వచ్చేశాయి. ముందు ఖర్చు, తర్వాత ఎప్పుడో జమ. ఈ మందు పద్ధతే అది. ఆ సంగతి ఎవరూ ముందుగా చెప్పకపోతే చాలామంది నాలాగే మానేస్తారు.

ఈ ఇబ్బందులకు కారణం తెలుసుకున్నాక భయం సగం పోయింది. 1921లో ఆస్ట్రియాలో ఆటో లోవీ అనే ఆయన కప్ప గుండెతో ప్రయోగం చేసి, నరం తన ఆజ్ఞను ఒక రసాయనం ద్వారా పంపుతుందని నిరూపించాడు. ఆ రసాయనమే ఎసిటైల్‌కోలిన్. దీనికి ఆయనకూ హెన్రీ డేల్‌కూ 1936లో నోబెల్ బహుమతి వచ్చింది. నోట్లో లాలాజలం ఊరడం, పేగు కదలడం, మూత్రాశయం ముడుచుకోవడం, కంటిచూపు దగ్గరికి సర్దుకోవడం, ఇవన్నీ దాని ఆజ్ఞ మీద జరుగుతాయి. ఉమ్మెత్తకాయ తిన్నవాళ్ళకి నోరెండడం, కనుపాపలు పెద్దవవడం, మూత్రం బిగియడం, మతి తప్పడం మన పల్లెల్లో అందరికీ తెలిసినదే. ఉమ్మెత్తలోని విషం ఎసిటైల్‌కోలిన్‌ని అడ్డుకుంటుంది. ఎమిట్రిప్టిలిన్ కూడా, చాలా తక్కువ స్థాయిలో, అదే పని చేస్తుంది. మత్తు, ఆకలి, ఒళ్ళు రావడం మాత్రం జలుబు మాత్ర చుట్టరికం వల్ల, హిస్టమిన్‌ని అడ్డుకోవడం వల్ల వస్తాయి. లేచి నిలబడితే కళ్ళు తిరగడానికి కారణం రక్తనాళాలు వెంటనే బిగుసుకోకపోవడం.

తర్వాతి చరిత్రంతా నొప్పి తగ్గించే గుణాన్ని ఉంచుకుని ఈ మిగతా గుణాల్ని వదిలించుకునే ప్రయత్నమే. ఎమిట్రిప్టిలిన్ ఒంట్లో మారి నార్‌ట్రిప్టిలిన్ అవుతుంది. దాన్నే విడిగా మాత్ర చేస్తే మత్తు, నోరెండడం కొంత తక్కువ. ఎంతో పేరు పొందిన ఫ్లూఆక్సెటిన్‌లో నోరెండడం తక్కువే, కాని 1992లో అదే మాక్స్ బృందం చూస్తే అది నరాల నొప్పికి ఉత్తుత్తి మాత్రకంటె మేలుగా పనిచేయలేదు. సెరొటోనిన్ ఒక్కటే చాలదు, నోరెడ్రినలిన్ కూడా కావాలన్నమాట. ఆ రెండింటి మీదా పనిచేస్తూ ఉమ్మెత్త లక్షణాలు తక్కువగా ఉండే డులోక్సెటిన్‌కు 2004లో అమెరికాలో చక్కెర జబ్బు నొప్పికి అనుమతి వచ్చింది. దాని ఇబ్బందులు దానివే. వికారం, చెమటలు, కొందరికి రక్తపోటు పెరగడం. అన్నం తిన్నాక వేసుకుంటే వికారం తగ్గుతుంది.

లెక్క ఏమిటంటే

అన్ని పరీక్షలనూ కలిపి 2015లో ఒక అంతర్జాతీయ బృందం లెక్క కట్టింది. నొప్పి కనీసం సగం తగ్గినవాడు, మందు వల్లనే తగ్గినవాడు, ఒక్కడు దొరకాలంటే ట్రైసైక్లిక్ మందును సుమారు 3.6 మందికి ఇవ్వాలి. డులోక్సెటిన్ జాతి మందునైతే 6.4 మందికి ఇవ్వాలి. అంటే బాగా పనిచేసే మందు కూడా నలుగురిలో ఒకరికే ఆ స్థాయిలో ఉపకరిస్తుంది. 2022లో బ్రిటన్‌లో 130 మంది చక్కెర రోగుల మీద జరిగిన పరీక్షలో ఎమిట్రిప్టిలిన్, డులోక్సెటిన్, ప్రీగబలిన్ మూడింటిలో దేనితో మొదలుపెట్టి, చాలనప్పుడు రెండోది కలిపినా ఫలితం ఒకేలా ఉంది. పదికి 6.6 ఉన్న నొప్పి సగటున 3.3కి దిగింది. నొప్పి పూర్తిగా పోవడం కాదు, సగం కావడం. రాత్రి నిద్రపట్టని మనిషికి ఆ సగం చిన్నదేమీ కాదు. ఒకటి పనిచేయకపోతే ఇంకొకటి చూడవచ్చు. అది రోగి తప్పూ కాదు, మనసు బలహీనతా కాదు.

రెండోసారి మొదలుపెట్టినప్పుడు మా డాక్టరు పావుగంట కూర్చోబెట్టి చెప్పారు. ఆయన చెప్పినవీ, తర్వాత చదివి సరిచూసుకున్నవీ ఇక్కడ రాస్తున్నాను. మాత్ర పడుకునే ముందు కాకుండా, రాత్రి ఏడెనిమిది గంటలకే వేసుకుంటే పొద్దుటి మత్తు తగ్గుతుంది. మత్తు మొదటి ఒకటి రెండు వారాలు ఎక్కువ, తర్వాత తగ్గుతుంది. ఆ రోజుల్లో స్కూటరు నడపకూడదు, మద్యం ముట్టకూడదు. నోరు ఎండితే గుక్కెడు గుక్కెడు నీళ్ళు తాగాలి. బిళ్ళలు, మిఠాయిలు చప్పరిస్తే లాలాజలం లేని నోట్లో పళ్ళు త్వరగా పుచ్చుతాయి, చక్కెర జబ్బు వాళ్ళకి అసలే పనికిరాదు. మంచం మీంచి లేచేటప్పుడు ముందు కూర్చుని, కాసేపు ఆగి, తర్వాత నిలబడాలి. ఆకుకూరలు, పళ్ళు, నీళ్ళు, నడక ఉంటే మలబద్ధకం చాలావరకు సర్దుకుంటుంది. ఒళ్ళు పెరుగుతోందేమో నెలకోసారి తూచుకోవాలి. గుణం చూడ్డానికి కొన్ని వారాలు పడుతుంది, మోతాదు మెల్లగా పెంచాలి.

కొన్ని సంగతులు మాత్రం ఓర్చుకోవలసినవి కావు, డాక్టరుకు వెంటనే చెప్పవలసినవి. మూత్రం బిగుసుకుపోవడం, గుండె దడ, కన్ను ఎర్రబడి నొప్పి, పెద్దవాళ్ళలో మతి తడబడటం, చచ్చిపోవాలన్న ఆలోచనలు. గుండెపోటు వచ్చినవాళ్ళు, గుండె లయ తప్పేవాళ్ళు, నీటికాసులు అనే కంటిజబ్బు ఉన్నవాళ్ళు, మూర్ఛలు వచ్చేవాళ్ళు, ప్రోస్టేట్ గ్రంథి పెరిగినవాళ్ళు ఆ సంగతి ముందే చెప్పాలి. వేరే ఏ మాత్రలు వాడుతున్నా, ముఖ్యంగా ట్రమడాల్ వంటి నొప్పి మాత్రలు, చూపించాలి. వృద్ధులకు ఇవ్వకుండా ఉంటే మేలన్న మందుల పట్టీని 1991లో అమెరికాలో మార్క్ బీర్స్ అనే వైద్యుడు తయారు చేయించాడు. ఎమిట్రిప్టిలిన్ అందులో ఉంది. 65 దాటినవారి విషయంలో వైద్యులు వెనకాడేది అందుకే. నాలాగా ఒక్కసారిగా మానడం కూడా తప్పు. వికారం, తలనొప్పి, నిద్రలేమి వస్తాయి. మెల్లగా దించుకోవాలి. ఇంకొక మాట. ఈ మాత్రలు ఎక్కువ మింగితే గుండె ఆగిపోతుంది. ఇంట్లో పిల్లలుంటే తాళం వేసిన బీరువాలో పెట్టాలి.

మన మాటలు

ఇప్పుడు మన సంగతికి వస్తాను. ద్వారం సిద్ధాంతం చెప్పిన మెల్జాక్ తర్వాత కెనడాలోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో ఉండి, రోగులు నొప్పిని చెప్పుకునే మాటలన్నీ ఏరి, 1975లో ఒక ప్రశ్నావళి ప్రచురించాడు. 20 వర్గాలు, 78 మాటలు. పిండినట్టు, గుచ్చినట్టు, కాలినట్టు, ఇలా. రోగి ఏ మాట ఎంచుకున్నాడన్నదాన్ని బట్టి నొప్పి ఏ జాతిదో పోల్చవచ్చని ఆయన చూపించాడు. ఇప్పటికీ నరాల నొప్పిని గుర్తించడంలో మొదటి ఆధారం రోగి మాటే.

మనకు ఆ మాటలకు కొరత లేదు. సలుపు, పోటు, తీపు, మంట, తిమ్మిరి, గుంజడం, చురుక్కుమనడం, జివ్వుమనడం, చీమలు పాకినట్టుండడం. వీటిలో సలుపు వేరు, తీపు వేరు. మంట, జివ్వుమనడం, చీమలు పాకడం నరాన్ని సూచిస్తాయి. కాని హోసూరులో మన ముసలమ్మ డాక్టరు దగ్గర తనకొచ్చిన నాలుగు తమిళ ముక్కల్లో "వలి" అని ఊరుకుంటుంది. బళ్ళారిలో "నోవు" అంటుంది. బరంపురంలోనైనా, షోలాపూరులోనైనా అంతే. రెండూ మామూలు నొప్పే. డాక్టరు మామూలు నొప్పి మాత్ర రాస్తాడు. ఇంట్లో తెలుగు, వీధిలో ఇంకో భాష, మందు పెట్టెలో ఇంగ్లీషు. ఈ మూడింటి మధ్య మనిషి నొప్పి ఎక్కడో జారిపోతుంది.

మా అత్తకి కావలసింది చదువుకున్న మేనల్లుడు కాదు. కాగితాన్ని చివరిదాకా చదివి, మళ్ళీ డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళి, "ఈమెకి అరికాళ్ళలో మంట, చీమలు పాకినట్టు ఉందట, దానికేనా ఇచ్చారు?" అని కన్నడంలో అడిగేవాడు. బ్యాంకులో ఎవరైనా కాగితం మొదటి వరుస మాత్రమే చదివి సంతకం పెడితే నేను కోప్పడతాను. ఆ రోజు నేను చేసింది అదే.

నాకు రెండోసారి మూడో వారంలో గుణం కనిపించింది. ఏడు నెలలు వాడి, మెల్లగా దించి మానేశాను. ఇప్పుడు చలికాలంలో అప్పుడప్పుడు చురుక్కుమంటుంది, అంతే. అందరికీ ఇలాగే అవుతుందని అనను. మీ ఇంట్లో ఎవరికైనా ఈ మాత్ర రాస్తే మాత్రం రెండు పనులు చేయండి. వాళ్ళ నొప్పిని వాళ్ళ మాటల్లోనే తెలుగులో ఒక చీటీ మీద రాయించి, డాక్టరుకు అక్కడి భాషలో చదివి చెప్పండి. డాక్టరు చెప్పిన జాగ్రత్తల్ని తెలుగులో రాసి మాత్రల డబ్బాకి అంటించండి. మొదటి వరుసలో ఇలా రాయండి: ఇది నీ నరాల నొప్పికి ఇచ్చింది.